అయిదో కాంటూరు, అభయం

మండవల్లి, కైకలూరు ప్రాంతంలో ఇంగ్లీషు అక్షరం ముక్క రాని వాళ్ల నోట కూడా రోజూ నలిగే ఇంగ్లీషు మాటలు రెండున్నాయి. ఒకటి కాంటూరు, ఇంకొకటి శాంక్చురీ. చేపల చెరువు లీజుకు తీసుకున్నవాడూ, తాటిదోనె మీద వెళ్లి మావులు వేసుకునేవాడూ, ఓట్లడగడానికి వచ్చినవాడూ ఆ రెంటినీ జంటగానే వాడతారు. అయిదో కాంటూరు లోపలిదంతా శాంక్చురీ, శాంక్చురీ అంటే అయిదో కాంటూరు. ఒకటంటే రెండోది అన్నట్టే. పుట్టుకలో గానీ చేసే పనిలో గానీ ఈ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు. కొల్లేరు సరస్సులో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల జాగాను అభయారణ్యంగా ప్రకటిస్తూ 1999లో వచ్చిన 120వ నంబరు జీవో వాటిని ముడిపెట్టింది. అప్పటి నుంచి కొల్లేటి తగాదా అంతా అంకె తగాదా అయి కూర్చుంది. అయిదు ఉండాలా, మూడుకు దిగాలా? ఈ అంకె వెనక పడి కనిపించకుండా పోయిన ప్రశ్న ఒకటుందని నా వాదన. సర్వేయరు తేల్చగలిగింది కాదది, ధర్మం అడిగేది. అభయమిచ్చినవాడెవడు, పుచ్చుకున్నదెవరు, దాని ఖర్చు ఎవరి ఒంటి మీద పడాలి?

కాంటూరు మొదట చిత్రకారుల మాట. చుట్టూ తిరిగి రావడమనే అర్థమున్న ఇటాలియన్ క్రియ నుంచి ఫ్రెంచిలోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. బొమ్మ అంచు పట్టి చూపే గీతకు ఆ పేరు. దాన్ని కొండల మీదికి ఎక్కించిన వాళ్లలో పేరున్నవాడు చార్లెస్ హటన్ అనే గణితజ్ఞుడు. దారానికి వేలాడదీసిన గుండు ఒక పెద్ద కొండ పక్కన ఎంత పక్కకు లాగబడుతుందో చూసి, దాన్నిబట్టి భూమి సాంద్రత కట్టవచ్చని ఖగోళ శాస్త్రజ్ఞుడు నెవిల్ మాస్కెలిన్ 1774లో స్కాట్లాండులోని షిహాలియన్ కొండ దగ్గర కొలతలు తీశాడు. లెక్క కట్టే పని హటన్ మీద పడింది. ముందరున్న ఎత్తుల అంకెల గుట్టలో ఏదీ అంతుపట్టకపోతే, ఒకే ఎత్తున్న చోట్లను గీతతో కలుపుతూ పోయాడు. కొండ ఆకారం కళ్లకు కట్టింది. ఆ గీత పుట్టిందే తూకం వేయడానికన్నది గుర్తుంచుకోవాలి. ఆ గీత మీద ఏ చోటూ ఇంకో చోటు కన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. దానికి నడిబొడ్డంటూ ఉండదు, గర్భగుడంటూ ఉండదు. నీళ్లు వస్తే ఎక్కడిదాకా వస్తాయో చెబుతుంది. రానివ్వాలో ఆపాలో దాన్ని అడిగితే జవాబుండదు.

శాంక్చురీ గుడి మాట. లాటిన్‌లో పవిత్రమైనదనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ముందు దేవుడుండే చోటుకు పేరు, తర్వాత ఆ చోటుకు పరిగెత్తుకొచ్చినవాడికి దొరికే రక్షణకు పేరు. మధ్యయుగాల ఇంగ్లాండులో నేరం మోపబడ్డవాడు చర్చి గడప తొక్కితే తరుముతున్నవాళ్లు బయట ఆగిపోవలసిందే. నలభై రోజులు గడువు. ఈలోగా విచారణకు లొంగిపోవాలి, లేదా తప్పు ఒప్పుకుని దేశం విడిచి పోతానని ప్రమాణం చేయాలి. బెవర్లీ వంటి పెద్ద చర్చిలకు మైలు దూరాన రాతి శిలువలు హద్దులుగా పాతారు. ఆ హద్దు నుంచి లోపలికి వెళ్లినకొద్దీ, బలిపీఠం పక్కనున్న రాతిపీట వరకు, శరణుజొచ్చినవాడి మీద చెయ్యి వేసినవాడికి పడే శిక్ష పెరుగుతూ పోయేది. అంటే శాంక్చురీకీ హద్దు ఉంది. అయితే హద్దు వల్ల ఆ చోటుకు పవిత్రత రాలేదు, లోపలున్నదాని వల్ల హద్దుకు విలువ వచ్చింది. కాంటూరులో గీతే సర్వస్వం. శాంక్చురీలో గీత వాకిలి మాత్రమే. దొంగలకు అది ఆటపట్టయిందన్న ఫిర్యాదులు ముదిరి, పదిహేడో శతాబ్దం తొలి పాదంలో మొదటి జేమ్స్ కాలాన ఆ హక్కును చట్టంతోనే తీసేశారు. మనిషికి పోయిన శాంక్చురీ మరో రెండు మూడు వందల ఏళ్లకు పక్షులకూ మృగాలకూ దక్కడం విచిత్రమే.

మనకు ఈ భావం అరువు తెచ్చుకున్నది కాదు. ఏలూరు జిల్లాలోనే, కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహల్లో క్రీస్తుకు పూర్వమే భిక్షువులు త్రిశరణాలు చెప్పుకున్నారు. రామాయణంలో విభీషణుడు వచ్చి శరణన్నప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు. శత్రువు తమ్ముడు, ఇప్పుడే నమ్మకూడదన్నాడు. అది రాజనీతి ప్రకారం తప్పు మాటేమీ కాదు. రాముడు ఆ ప్రమాదాన్ని తన నెత్తిన వేసుకుని అభయమిచ్చాడు. అందుకే సర్కారువారు కొల్లేటికి ఎంచుకున్న అభయారణ్యమనే మాటలో సగం నాకు సరిగ్గా తోస్తుంది. రెండో సగం మాటకేం, కిక్కిస, తుంగ, గుర్రపుడెక్క తప్ప చెట్టూచేమా లేని నీటిపట్టుకు అరణ్యం పేరు తగిలించడం కార్యాలయాల అలవాటు. మొదటి సగం మాత్రం పెద్ద మాట. అభయమంటే భయం లేకపోవడం అని నిఘంటువు చెబుతుంది గానీ, పురాణాల్లో అది ఎప్పుడూ ఒకడు ఇంకొకడికి ఇచ్చేదే. ఇచ్చేవాడు లేకుండా అభయం లేదు.

ఇక కొల్లేటి నేల సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెచ్చి పోస్తే, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. ఇంత చదునైన చోట ఒక్క అడుగు ఎత్తు తేడా కొన్ని మైళ్ల నేలను మార్చేస్తుంది. అయిదడుగుల గీత లోపల 308 చదరపు కిలోమీటర్లు, మూడడుగుల గీత లోపల 135. మోకాలి ఎత్తు కన్నా కాస్త ఎక్కువైన రెండడుగులు దించితే సగానికి పైగా పోతుంది. పైకి పోతే పది అడుగుల గీత 901 చదరపు కిలోమీటర్లను చుట్టేస్తుంది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలగా గుర్తించినప్పుడు రాసుకున్న విస్తీర్ణం ఇదే, 90,100 హెక్టార్లు. అంటే ఒకే సరస్సుకు ఒక కాగితం మీద 901, ఇంకో కాగితం మీద 308. రెండూ కొలతలే, రెండూ నిజాలే. కాంటూరు ప్రకృతి గీసిన హద్దు, దానిలో మనుషుల ఇష్టాయిష్టాలకు తావు లేదనే వాళ్లకు ఇదే సమాధానం. నీటికి మూడు, అయిదు, ఏడు, పది అన్నీ ఒకటే. వాన ఎంత కురిస్తే అంత దూరం పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటు వచ్చినప్పుడు లంక గ్రామాల దారుల మీదికి వచ్చిన నీళ్లు ఏ జీవోనూ చదివి రాలేదు. అయిదును ఎంచింది మనుషులే. ఎంపిక అన్నాక అది కొలత కాదు, నిర్ణయం. నిర్ణయానికి బాధ్యుడు ఉంటాడు.

మీమాంసకులు వాక్యాలను రెండు రకాలుగా చూశారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేది సిద్ధం గురించిన వాక్యం. చేయవలసినదాన్ని చెప్పేది విధి. ఉన్నదాన్ని చెప్పినంత మాత్రాన ఎవరూ కదలనక్కర్లేదు, కదిలించేది విధివాక్యం ఒక్కటేనని వాళ్ల పట్టు. ఈ తూనికలో పెడితే కాంటూరు సిద్ధవాక్యం. ఇక్కడి నేల సముద్రం కన్నా అయిదడుగులు ఎత్తున ఉంది, అంతే. శాంక్చురీ విధివాక్యం. ఇక్కడికి వచ్చినదాన్ని చంపకు, దాని గూడు చెరపకు. 1999 నాటి జీవో మొదటిదాన్ని చెప్పి రెండోది చెప్పినట్టు భావించింది. ఇరవయ్యేళ్లు పైబడ్డ రగడకు మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను. అయిదో కాంటూరు లోపల ఎందుకు చెరువు తవ్వకూడదని అడిగినవాడికి ఇది అయిదో కాంటూరు లోపల ఉంది కాబట్టి అన్నది జవాబు కాదు. ప్రశ్ననే మళ్లీ చెప్పడం. అలాంటి జవాబు విన్నవాడు సహజంగానే గీతను కదపమంటాడు. కొలతను కొలతతో కొట్టాలనుకుంటాడు.

దీనికి వేదాంతులు ఒక ఆక్షేపణ తెస్తారు, తేలిగ్గా తోసేయదగ్గది కాదది. పాము కాదు తాడేనని తెలిసినవాడికి ఎవరూ ఏ ఆజ్ఞా ఇవ్వనక్కర్లేదు, తెలియడంతోనే వణుకు ఆగిపోతుంది. కాబట్టి సిద్ధవాక్యానికీ ఫలముందని శంకరుల వాదం. ఆ లెక్కన ఈ నేల సరస్సుదే, వరద వస్తే ఇక్కడ నీళ్లు నిలవాల్సిందే, ఇక్కడ గట్టు కడితే పై ఊళ్లు మునుగుతాయి అన్న ఎరుక కలిగితే వేరే విధి ఎందుకు? కాంటూరు మ్యాపే చాలదా? తాడు-పాము దృష్టాంతంలో ఒక సంగతి మనం మరిచిపోతాం. అక్కడ భయపడ్డవాడూ, తెలుసుకున్నవాడూ, భయం తీరినవాడూ ఒక్కడే. కొల్లేటిలో కొలిచేది ఒకరు, మునిగేది ఇంకొకరు, గట్టు కట్టి లాభం తీసుకునేది మూడోవారు. పై ఊరు మునుగుతుందని చెరువు గట్టు మీదున్నవాడికి తెలియక కాదు, మునిగేది తను కాదు కాబట్టి. జ్ఞానం ఒక చోట, కష్టం ఇంకో చోట ఉన్నప్పుడు ఆ రెంటినీ కలిపేది విధి ఒక్కటే. మరో చిన్న సంగతి. పొక్లెయిన్ ఒక్కటి చాలు, రాత్రికి రాత్రే నేల ఎత్తును మార్చేస్తుంది. తవ్విన చోట గుంట, పోసిన చోట గట్టు. గీత పాతదే, దాని కింద నేల కొత్తది. ఇచ్చిన మాటను తవ్వి పల్లం చేసే యంత్రం ఇంకా రాలేదు.

అభయానికి ఖర్చుంటుంది. ఈ సంగతి మన పురాణాల్లో శిబి కథ చెప్పినంత కరుగ్గా ఇంకేదీ చెప్పదు. డేగ తరుముతుంటే పావురం వచ్చి రాజు ఒడిలో పడింది. మనం పిల్లలకు చెప్పేటప్పుడు రాజు దయ గురించి చెప్పి డేగను దుర్మార్గిని చేసేస్తాం. భారతంలో డేగ వాదన అలా లేదు. అది నాకు దేవుడిచ్చిన తిండి, నువ్వు దాన్ని దాచావు, నేనూ నా పిల్లలూ ఆకలితో చస్తే ఆ పాపం ఎవరిది, ఒక ధర్మాన్ని నిలబెట్టడానికి ఇంకో ధర్మాన్ని చంపితే అది ధర్మమెలా అవుతుంది అని అడుగుతుంది. రాజు దానికి కోపం తెచ్చుకోలేదు. నువ్వు ఆక్రమణదారువి పొమ్మనలేదు. ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకుని, త్రాసు తెప్పించి తన తొడ కోసి పెట్టాడు. చాలకపోతే తానే ఎక్కి కూర్చున్నాడు. కథకు ప్రాణం ఆ త్రాసులో ఉంది. కాపాడబడినదాని బరువుకు సరిపడా మాంసం కాపాడినవాడి ఒంటి నుంచే రావాలి. పక్కవాడి తొడ కోసి పెట్టి ఉంటే శిబి పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు, తెలిసినా తిట్టుకోవడానికే.

కొల్లేటిలో త్రాసు ఎలా తూగిందో చూడాలి. 1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు ప్రభుత్వ కాలంలో, సరస్సు లోపలే చేపల చెరువులు తవ్వించి మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు అప్పగించింది ప్రభుత్వమే. పేదవాళ్లకు బతుకుతెరువు అన్నారు, మంచిదే. తర్వాత సొసైటీ చెరువులు పెట్టుబడి ఉన్నవాళ్ల లీజుల్లోకి జారాయి. వాటి పక్కన కొత్త చెరువులు లేచాయి, గట్లు పెరిగాయి, కిక్కిస దుబ్బులు పోయి బొచ్చె, శీలావతి వచ్చాయి. 1999లో అదే ప్రభుత్వం అదే నీటిని పక్షుల శరణాలయమంది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశం, కేంద్ర సాధికార కమిటీ ఒత్తిడి మీద ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లను పొక్లెయిన్లతోనూ పేలుడు మందుతోనూ తెగ్గొట్టారు. పక్షికి అభయమిచ్చిన చెయ్యీ, అంతకు ముందు చెరువు ఇచ్చిన చెయ్యీ ఒకటే. ఈ త్రాసులో ఆ చెయ్యి తన మాంసం ఎంత పెట్టిందంటే లెక్క చెప్పడం కష్టం. ఎదురుగా ఉన్నవాడి తొడ మీద మాత్రం కత్తి పడింది.

ఇక్కడ పర్యావరణవాదులు కస్సుమంటారు. పోయింది పేదవాడి సొత్తా, వందల ఎకరాలు లీజుకు పట్టిన ఆసామి సొత్తా? వాళ్లు డేగలు కూడా కారు, డేగ వేషం వేసుకున్న వ్యాపారులు. వాళ్లకు త్రాసు తెమ్మనడం అపాత్రదానం అంటారు. ఈ మాటలో నిజం పాలు చాలా ఉంది. చట్టం తెలిసి, డబ్బు చూసి, సరస్సు కడుపులో గట్టు కట్టినవాడికి తిరిగి ఇవ్వవలసింది ఏమీ లేదు. నా దృష్టిలో అతడి నష్టం నష్టం కాదు. అయితే ఆ గట్టు తెగినప్పుడు దానితో పాటు పోయినవి ఇంకొన్ని ఉన్నాయి. సంఘం చెరువు మీద వచ్చే లీజు సొమ్ములో వడ్డి కులపు కుటుంబానికి దక్కే చిన్న వాటా పోయింది. చెరువు మీద కాపలా పని, వల లాగే పని పోయాయి. లీజుదారు పెట్టుబడి ఇంకో చోటికి పోయి ఇంకో చెరువు వెతుక్కుంటుంది. పెనుమాకలంకలోనో నందిగామలంకలోనో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? జిరాయితీ భూముల సంగతి సరేసరి. తాతల నాటి పట్టా చేతిలో ఉంది, భూమి శాంక్చురీలో ఉంది, అమ్మబోతే కొనేవాడు లేడు. ఆక్రమణదారునీ హక్కుదారునీ ఒకే గీతతో కొట్టడమే కాంటూరు చేసిన పని. కాంటూరుకు ఎత్తు తెలుసు, మనిషి తెలియదు.

ఈ తేడా చట్టం ఎరగనిది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 18వ సెక్షన్ నుంచి 26ఏ దాకా చదివితే నాకు శిబి త్రాసు కనిపిస్తుంది. ఫలానా చోటును శాంక్చురీ చేయాలనుకుంటున్నామని ముందు చెప్పాలి. కలెక్టరు ఊరూరా ప్రకటన ఇచ్చి, ఆ నేల మీద, ఆ నీటి మీద ఎవరికి ఏ హక్కుందో రాసుకోవాలి. ఒక్కొక్క హక్కుకూ మూడు దారులు: ఆ జాగాను శాంక్చురీ నుంచి వదిలేయడం, డబ్బిచ్చి తీసుకోవడం, లేదా ఆ హక్కును సాగనివ్వడం. అన్నీ అయ్యాకే తుది ప్రకటన. ప్రభుత్వమంటే రాజు కాదు, మనమంతా కలిసినదే, కాబట్టి దాని ఒంటి మాంసమన్న మాటకు అర్థం లేదని ఒక ఆక్షేపణ ఉంది. ఈ సెక్షన్లే దానికి సమాధానం. ఒక్క లంకవాడు ఒంటరిగా మోయవలసిన బరువును ఖజానా ద్వారా అందరి మీదా సర్దడానికే ఆ విచారణ, ఆ పరిహారం. పరిహారమన్నది ఇక్కడ దయాధర్మం కాదు, అభయంలో భాగం. ఆ భాగం ఏళ్ల తరబడి నలుగుతూ ఉండగా గట్లు మాత్రం వారాల్లో తెగాయి.

మతాన్ని ఇందులోకి లాగడమెందుకు, శాంక్చురీలో ఇప్పుడు దేవుడెక్కడున్నాడు, అదొక పాలనా పదం అంతే అని కొందరు విసుక్కోవచ్చు. పాలనా పదమే అయితే దాన్ని లాభనష్టాలతో తూచవచ్చు, మూడు పంటల ఆదాయం ఎక్కువైతే పక్షిని పంపించేయవచ్చు. చట్టం అలా తూచనివ్వదు. లోపల ఒక్క గూడు చెరపడం కూడా నేరమంటుంది, ఎంత లాభం చూపించినా. లాభంతో తూచకూడనిదాన్నే కదా మన పెద్దలు పవిత్రమన్నారు? ఇంతకన్నా గట్టి ప్రశ్న ఇటువైపు నుంచి వస్తుంది. కొల్లేటికి పవిత్రత కొరవడిందెప్పుడు? కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉంది. ఫాల్గుణంలో జాతరకు లంకలన్నీ కదిలి వస్తాయి. చెరువు తవ్వినవాడూ మొక్కుకున్నాడు, చెరువు పోగొట్టుకున్నవాడూ మొక్కుకున్నాడు. అమ్మవారుండగా సరస్సు ఎందుకు ఇలా అయింది? నా సమాధానం ఏమిటంటే, పవిత్రమనుకోవడం వేరు, అభయమివ్వడం వేరు. మొదటిది మనసులో ఉండే భావం, ఎంతమందికైనా ఖర్చు లేకుండా ఉండవచ్చు. గుడి ప్రహరీ వరకే అది ఆగిపోయినా ఎవరికీ తప్పనిపించదు. రెండోది చేత. దానికి ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, త్రాసు కావాలి.

అదే కొల్లేటికోట గురించి జిల్లా గెజెటీర్ల కాలం నుంచి ఒక ఐతిహ్యం ఉంది. లాంగుల గజపతి అనే రాజు కోట సరస్సు నడుమ లంక మీద ఉండేదట. ముట్టడించిన సేనాని ఒడ్డున చిగురుకోటలో దిగాడు, చుట్టూ నీరుండటంతో కోట దక్కలేదు. నీటిని సముద్రంలోకి దించేయడానికి కాలువ తవ్వించాడు, అదే ఇప్పటి ఉప్పుటేరు అంటారు. తవ్వకం ఫలించాలని సొంత కూతుర్నే బలి ఇచ్చాడనీ, అందుకే దానికి పేరంటాల కనమ అన్న పేరు వచ్చిందనీ కథ. చరిత్ర ఎంతో కథ ఎంతో ఎవరూ చెప్పలేరు గానీ మన రెండు మాటలూ అందులో నిలువెత్తున నిలబడి ఉన్నాయి. కోటలోవాళ్లకు నీరే శరణం. దాన్ని గెలవడానికి శత్రువు కత్తి ఎత్తలేదు, మట్టం దించాడు. కాంటూరు మార్చి శాంక్చురీని పడగొట్టాడు. బలి అయిన పిల్లనూ చూడాలి. సేనాని తన కూతుర్నే ఇచ్చాడు కాబట్టి అది త్యాగమని కథ చెప్పేవాళ్లు మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. శిబి తన తొడ కోసుకున్నాడు, ఇతడు కూతురి ప్రాణం తీశాడు. నాది అనుకున్నదాన్ని ఇవ్వడం, నన్ను నేను ఇవ్వడం ఒకటి కావు. లంక గ్రామాలు మావే, అక్కడి జనం మా జనమే అనే ప్రభుత్వం ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గరో ఆలోచించాలి.

పక్షుల వైపు నుంచి ఇంకొక అభ్యంతరం ఉంది. పెలికాన్లని అందరూ పిలిచే గూడబాతుల స్థావరాన్ని కొల్లేటి ప్రాంతంలో 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ గుర్తించారు. అప్పుడు దాదాపు మూడు వేల పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. అప్పటికి జీవో లేదు, గీత లేదు, అభయమిచ్చిన అధికారీ లేడు. మనుషులు వాటి మానాన వాటిని ఉండనిచ్చారు, అంతే. మరి ఈ మాటా, త్రాసూ అంతా దేనికి? 1975 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయిపోయిందన్నదే దీనికి నా జవాబు. అడక్కుండా ఇచ్చిన ఆశ్రయం మనకు ఖర్చు కానంత కాలమే ఉంటుంది. ప్రతి అడుగు నేలా డబ్బు పండించే రోజు వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టడానికి అలవాటు చాలదు, మాట కావాలి. ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. గూడు శాంక్చురీలో, మేత చుట్టుపక్కల చేపల చెరువుల్లో. చెరువు యజమాని వల కప్పుతాడు, తిట్టుకుంటాడు, అయినా కొంత చేప పోతుంది. చిత్రమేమిటంటే, అభయం ఖర్చులో కొంతయినా ఇప్పుడు మోస్తున్నది ఇష్టం లేకుండానే ఆ యజమాని. పక్షికి గీత తెలియదు కాబట్టి పద్దు తనంతట తానే కొంత సర్దుకుంది.

ఇంత చెప్పాక గీత వద్దంటున్నానని అనుకోకూడదు. గీత లేని అభయం ఉపన్యాసం. ఎక్కడిదాకా అన్నది తెలియకపోతే ఆక్రమణదారుకు అంతకన్నా సుఖం ఉండదు. 2008లో రాష్ట్ర శాసనసభ శాంక్చురీని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఆ కుదింపును ఒప్పుకోలేదు. శాస్త్రం దృష్టితో చూస్తే కమిటీ మాటే సరైనది. వరద మింగే పల్లాన్ని సగం వదులుకుని మిగతా సగాన్ని సరస్సు అనడం కుదరదు. అయినా మూడో కాంటూరు అన్న కోరికను ఊరికే అత్యాశగా కొట్టిపారేయడం న్యాయం కాదు. లంకవాడికి తన గోడు చెప్పుకోవడానికి ప్రభుత్వం నేర్పిన భాష అదొక్కటే. నా హక్కు రాసుకోలేదు, నా భూమికి డబ్బివ్వలేదు, నా చెరువు మీరే ఇచ్చి మీరే తెగ్గొట్టారు అన్న మూడు ఫిర్యాదులను కాంటూరు భాషలోకి మారిస్తే అయిదును మూడు చేయండి అని వస్తుంది. లీజు ఆసాములు ఆ భాషను తమ పనికి వాడుకుంటున్నారన్నదీ నిజమే. అసలు ఫిర్యాదుకు జవాబు చెప్పేదాకా వాడుకుంటూనే ఉంటారు. గీత మూడుకు దిగిందనే అనుకుందాం. ఆ 135 చదరపు కిలోమీటర్ల లోపల కూడా వల వేసే నీరుంది, పట్టా ఉన్న మడి ఉంది, తాత ఇచ్చిన దోనె రేవు ఉంది. కలెక్టరు రాసుకోవలసిన హక్కుల పుస్తకం అక్కడా తెరవవలసిందే. అది తెరవకుండా అయిదు దగ్గర ఆగిన అభయం మూడు దగ్గరా ఆగిపోతుంది, తర్వాత రెండో కాంటూరు అడగడానికి ఎవరో ఒకరు తీర్మానం రాసుకుని వస్తారు.